నాలుగో గిన్నె

పోయిన వారం తార్నాకలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. మోచేతుల మీద రూపాయి బిళ్లంత మచ్చలు రెండు లేచి, పొట్టు రాలడం మొదలుపెట్టి మూడు నెలలైంది. మెట్రో స్టేషన్ మెట్లు దిగి, టిఫిన్ సెంటరు పక్క సందులో, మందుల షాపు పైన మేడ. లోపల పదిమంది కూర్చుని ఉన్నారు. మే నెల ఎండలో పదిమందీ నిండు చేతుల బట్టలే. ఒక అమ్మాయి చున్నీని రెండు చేతులకీ చుట్టుకుని ఫోను చూసుకుంటోంది. నేను కూడా కొంగు మోచేతుల మీదికి ఎప్పుడు లాక్కున్నానో నాకే తెలీదు. కౌంటర్లో ఉన్న నర్సు ఒక కాగితం, పెన్ను ఇచ్చి నింపమంది. ఒక పేజీ నిండా ప్రశ్నలు. ఈ వారం రోజుల్లో మీ చర్మం వల్ల ఎంత సిగ్గుపడ్డారు, బట్టలు వేసుకునేటప్పుడు దాన్ని కప్పుకోవాలని చూశారా, స్నేహితులతో, దగ్గరివాళ్లతో ఏమైనా ఇబ్బంది వచ్చిందా, ఇలాంటివి. ఒక్కోదానికి నాలుగు జవాబులు, ఒకదానికి టిక్కు పెట్టాలి. నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. నా చేతిమీదుగా పోయిన ప్రశ్నపత్రాలకి లెక్కలేదు. నా జవాబులకంటే ఇంకొకరి జవాబులు బాగా తెలిసిన పత్రం మాత్రం అదే మొదటిది.

ఆ జవాబులు మా అన్నవి. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, మా సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు. జనగామ వైపు మనిషి. నేను కర్నూలు నుంచి వచ్చినదాన్నని, ఊరు కాని ఊళ్లో ఉన్నానని, ఇంకో సెక్షన్ నుంచి అక్కడికి మారిన మొదటిరోజే నన్ను 'చెల్లె' అన్నాడు. అదేదో దానంతట అదే కుదిరిపోయింది. ఆయన చేతిరాత చూసి తీరాలి. డిగ్రీ పట్టాల మీద పేర్లు చేత్తో రాసే రోజుల్లో ఆయన రాసిన పట్టాలు ఇప్పటికీ ఎంతమంది గోడల మీదో ఉండి ఉంటాయి. ఆ పేర్లు రాసిన చెయ్యి ఎలా ఉండేదో ఆ ఇళ్లవాళ్లు చూసి ఉంటే పటం దించేసేవాళ్లేమో. వేళ్ల కణుపుల మీద, మణికట్టు మీద, తలలో, చెవుల వెనక ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు. సోరియాసిస్. నల్ల చొక్కా వేస్తే భుజాల మీద పొట్టు కనబడుతుందని తెల్ల చొక్కాలే వేసేవాడు, ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని. సొరుగులో ఒక చిన్న పెయింటు బ్రష్షు ఉండేది. కుర్చీలోంచి లేచేముందు బల్లనీ, కుర్చీనీ ఆ బ్రష్షుతో శుభ్రంగా దులిపి, దులిపిందంతా ఒక కాగితంలోకి తోసి, మడిచి జేబులో పెట్టుకుని గానీ లేచేవాడు కాదు. అంత శుభ్రమైన బల్ల ఆ భవనం మొత్తంలో ఇంకోటి లేదు. పక్క బల్ల మీద నా టీ గ్లాసు మరకలు వారాల తరబడి అలాగే ఉండేవి, వాటిని చూసి ఎవరూ మొహం తిప్పుకోలేదు.

ఇప్పుడు మా మధ్యాహ్న భోజనం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా అక్కడే జరిగింది. మా సెక్షన్ క్యాంపస్‌లో పాత రాతి భవనం వెనక ఉండేది. దాన్ని ఆనుకుని ఒక రేకుల షెడ్డు. దిద్దేసిన జవాబుపత్రాల కట్టలు అందులో పడేసేవారు. అప్పుడే తార్నాకలో మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. ముక్కుకి కొంగు కట్టుకోకుండా ఆఫీసు చేరడం కష్టం. ఒంటిగంట కాగానే రెండు బల్లలు కలిపి, పాత పేపరు పరిచి, పదకొండుమందిమీ డబ్బాల మూతలు తీసి మధ్యలోకి తోసేవాళ్లం. అన్నం ఎవరిది వాళ్లదే, కూరలు మాత్రం అందరివి. అడగడం, మొహమాటపడడం లేదు. ఒకరి కూర ముట్టకపోతే వాళ్లతో మాటలు మానేసినంత లెక్క. మా రిటైరైనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఎవరో ఒకరు 'ఒక్క కుటుంబంలా తినేవాళ్లం కదా' అని రాస్తుంటారు. చదివినప్పుడల్లా ఫోను బోర్లా పెట్టేస్తాను. వచ్చే నెల అందరం క్యాంపస్‌లో కలుద్దామనీ, ఎవరికి వాళ్లు ఒక్కో కూర వండి తేవాలనీ మొన్ననే నిర్ణయించారు కూడా.

అన్న క్యారియర్‌కి నాలుగు గిన్నెలు. పై మూడూ ఆయనకి. అడుగున ఉన్న పెద్ద గిన్నె మా అందరికీ. వదిన, అంటే ఆయన భార్య, పొద్దున్నే లేచి ఆ నాలుగో గిన్నె కోసం వేరే వండేది. గోంగూర పప్పు, కోడిగుడ్ల పులుసు, శుక్రవారమైతే కీమా. మూత తీస్తే గది నిండా వాసన. నేను ఆ సెక్షన్‌కి వచ్చేసరికే ఆ గిన్నె చుట్టూ ఒక నాటకం నడుస్తోంది. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అనరు కూడా, అందరం చదువుకున్నవాళ్లమాయె. మా సూపరింటెండెంటు, మేమందరం పెద్దమేడమ్ అనే ఆవిడ, తనకి కారం పడదంది. ఒకాయనకి సోమవారం ఉపవాసం, మంగళవారం ఇంకోటి. ఒకావిడకి పొద్దున తిన్న ఇడ్లీ ఇంకా అరగలేదు. ఇంకొకరికి షుగరు. గోంగూరకీ షుగరుకీ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. ఆ జబ్బు అంటుకోదని మా అందరికీ తెలుసు. హెల్త్ సెంటర్ డాక్టరు వచ్చి స్వయంగా చెప్పి వెళ్లాడు, అందరం తలూపాం. పైగా వండింది వదిన. ఆయన చెయ్యి ఆ మూత మీద తప్ప ఇంకెక్కడా పడలేదు. అయినా పదిమంది చేతులు ఆ గిన్నె దాటి పక్క డబ్బాలోకి వెళ్లేవి. నేనేదో వేరే అనుకునేరు. మొదటివారం మర్యాదకి ఒక చెంచా వేసుకున్నాను. అందులో తెల్లగా ఏదో కనబడినట్టనిపించింది. వెల్లుల్లి ముక్క. వెల్లుల్లి అని నా కళ్లకి తెలుసు, నా గొంతు ఒప్పుకోలేదు. దాన్ని కంచం అంచుకి తోసి, పేపరులో చుట్టి చెత్తబుట్టలో వేశాను. తలెత్తితే అన్న నావైపే చూస్తున్నాడు. కోపంగా కాదు. నావల్ల నీకు ఇబ్బంది అయింది, ఏమనుకోకు అన్నట్టు చూశాడు. ఆ చూపుకంటే చెంపదెబ్బ నయం.

కొన్నాళ్లకి ఆయన మా బల్ల దగ్గరికి రావడం మానేశాడు. ఒంటిగంటకి ఏదో పని ఉందని క్యారియర్ పట్టుకుని బయటికి పోయేవాడు. అంతా అమ్మయ్య అనుకున్నాం, బల్ల మీద చోటు కూడా కలిసొచ్చింది. ఒకరోజు పాత కట్ట ఏదో వెతకడానికి షెడ్డు వైపు వెళితే చూశాను. అన్న గోడవారగా గొంతుక్కూర్చుని, నాలుగో గిన్నెలోది తన అన్నంలో కలిపి మూడు కుక్కలకి పెడుతున్నాడు. అవి తినేదాకా ఆగి, పంపు దగ్గర గిన్నె తోమి, రుమాలుతో తుడిచి క్యారియర్ సర్దాడు. క్యాంపస్‌లో మిగతా కుక్కలన్నీ బక్కచిక్కి ఉంటే ఈ మూడే అంత నున్నగా ఎందుకున్నాయో అప్పుడర్థమైంది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. ఆ రోజు నా డబ్బాలో బెండకాయ వేపుడుంది, అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు.

ఆయన మారిపోతున్నది కళ్లముందే కనిపించేది. ఎవరైనా చెయ్యి చాపితే నమస్కారం పెట్టేవాడు. మంగలి షాపులో ఏదో అన్నారట, అప్పట్నించీ వదినే ఇంట్లో జుట్టు కత్తిరించేది. షేర్ ఆటో ఎక్కడం మానేసి ఎండలో నడిచి వచ్చేవాడు. నెలకోసారి చర్మం డాక్టరు దగ్గరికి పోయేవాడు. డాక్టరు చర్మం చూసి, మలాం మార్చి పంపేవాడు. నిద్రపోతున్నారా, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా అని ఆయన్ని అడిగినవాళ్లు లేరు. రోజూ ఎనిమిది గంటలు పక్కన కూర్చునే నేనే అడగలేదు.

ఒక ఆదివారం తార్నాకలో కూరగాయల బండి దగ్గర ఒకావిడ నా మెడలో దండ చూసి, నా మొహంలోకి చూసి నవ్వింది. "నువ్వేనా వదినె, కర్నూలామెవు? ఈ పగడాల దండ జూసి గుర్తువట్టిన. ఆయన నీ ముచ్చట రోజు చెప్తడు" అంది. అదే మొదటిసారి వదినని చూడడం. సన్నటి మనిషి, చేతిలో గోంగూర కట్టలు నాలుగు. తన కోడిగుడ్ల పులుసు కోసం ఒకాయన ఇంటి డబ్బా మూతే తీయడటగా అంది. ఇంకొకావిడ గిన్నె అడుగు రొట్టెతో తుడుచుకుని తింటుందటగా అంది. ఎవరు ఏ రోజు ఏమన్నారో మా పదిమంది గురించీ వరసపెట్టి చెప్పింది. అన్న రోజూ సాయంత్రం ఇంటికెళ్లి, మేమెన్నడూ తినని భోజనం గురించి ఆమెకి కథలు కథలుగా చెబుతున్నాడన్నమాట. "పెద్దమేడమ్‌కు కారం పడదట గద, అందుకే ఆమెకు చిన్న డబ్బల వేరే పెడ్తున్న. తింటున్నదా మరి?" అని అడిగింది. "తింటాది వదినా, అంతా తింటాది" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. నీకేమిష్టమో చెప్పు, రేపే పంపుతానంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలని, వాళ్లవైపు చేసే బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి అన్నాను.

మర్నాడు అన్న నా బల్ల దగ్గరికి వచ్చి ఒక స్టీలు గిన్నె పెట్టాడు. మూత అంచులోంచి నువ్వులు, పల్లీల వాసన. మెల్లిగా అన్నాడు: "చెల్లె, ఇది నీకని పంపింది. నువ్వు తినకున్నా నేనేమనుకోను. గిన్నె మాత్రం ఖాళీ జేసి ఇయ్యి. అడుగుతది." ఆ మాట విన్నాకైనా మూత తీసి ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఉంటే ఈ రోజు ఇది రాసేదాన్ని కాదు. ఆయనే తినకపోయినా ఫరవాలేదన్నాడు కదా అనుకున్నాను. షెడ్డు వెనక్కి పోయి ఆ సర్వపిండి ముక్కలు చేసి కుక్కలకి వేశాను. గిన్నె తోమి ఇచ్చి, చాలా బాగుందని చెప్పమన్నాను కూడా. ఆయన పొట్టు లేచిన చేతులు చూసి నేను అసహ్యించుకున్నాను సరే, ఆ గిన్నె తోమిన నా చేతులు తల్చుకుంటే ఇప్పుడు నాకు రోత పుడుతుంది. రెండిట్లో ఏది జబ్బో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

వానాకాలం మొదలయ్యాక అన్న సెలవు పెట్టాడు. వారమన్నది నెలైంది. మాలో ఒక్కరం కూడా ఇంటికి వెళ్లి చూడలేదు. పెద్దమేడమ్ మాత్రం ఆయన కుర్చీని ఫినాయిల్‌తో తుడిపించింది. ఒకరోజు సరిగ్గా ఒంటిగంటకి వదిన నాలుగు గిన్నెల క్యారియర్ పట్టుకుని మా సెక్షన్ తలుపు దగ్గర నిలబడింది. చీర అంచులు తడిసి ఉన్నాయి. ఆయన లోపలి గదిలో కిటికీలు మూసుకుని గోడవైపు తిరిగి పడుకుంటున్నాడనీ, ఆమెను కూడా చెయ్యి వేయనివ్వడం లేదనీ చెప్పింది. "పండుకున్నోణ్ని మల్ల లెవ్వకుంటే మంచిగుండు అంటున్నడు. నాకు భయమైతున్నది. మీరొచ్చి ఒక్క మాట చెప్తే వింటడు. మీరంటే ఆయనకు పాణం" అంది. అందుకే వచ్చింది పాపం. తన భర్త కూరలు ఇష్టంగా తినే స్నేహితులు పదిమంది ఇక్కడున్నారని నమ్మి వచ్చింది. ఉత్తచేతులతో రావడమెందుకని వండుకొచ్చింది. మేం కాదనేలోపే గిన్నెలు విప్పి, కారం లేని చిన్న డబ్బా పెద్దమేడమ్ ముందు పెట్టి, అందరికీ వడ్డించబోయింది.

పెద్దమేడమ్ ఆ డబ్బాని ఒక్క వేలితో ఇటు జరిపి, "సారీ అమ్మా, నాకివాళ గ్యాస్ ప్రాబ్లమ్‌గా ఉంది, ఇంకోసారి ప్లీజ్" అంది. ఆ వెనక ఉపవాసం, షుగరు, అరగని ఇడ్లీ అన్నీ వరసగా వచ్చాయి. వదిన గరిటె పట్టుకుని ఒక్కొక్కరి మొహం చూస్తూ బల్ల చుట్టూ వచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి నేను కంచం ముందుకి చాపాను. నా అబద్ధం బయటపడుతుందన్న భయంతో చాపాను, ప్రేమతో కాదు. కీమా కలుపుకుని తిన్నాను. అంత రుచైన కూర ఆ బల్ల మీద అంతకుముందు నేను తినలేదు. రెండేళ్లు కుక్కలు తిన్నది ఇదా అనిపించింది. వీలు చూసుకుని అందరం వస్తామని పెద్దమేడమ్ మాటిచ్చింది. వదిన గిన్నెలు సర్దుకుంది.

గేటు దాకా తోడు వెళ్లాను. దగ్గరి దారి షెడ్డు పక్కనుంచే. వాన వెలిసింది. మేం మలుపు తిరగగానే ఆ మూడు కుక్కలూ తోకలూపుతూ పరిగెత్తుకొచ్చి వదిన ముందు నిలబడ్డాయి. ఆమె మొహంకేసి చూడలేదు, క్యారియర్‌కేసి చూశాయి. చూసి, అలవాటుగా మూడూ గోడవారకి పోయి వరసగా కూర్చున్నాయి. వదిన తన చేతిలో క్యారియర్‌కేసి చూసుకుంది. "ఇవి దీన్ని గుర్తువడ్తున్నయి" అంది మెల్లిగా. నేను నేలచూపులు చూస్తున్నాను. ఆమె గోడ దగ్గరికి వెళ్లి కూర్చుని, నాలుగు గిన్నెలూ విప్పి, ఉన్నదంతా కలిపి వాటికి పెట్టింది. "రెండేండ్ల సంది వీటికి కారం పెట్టిన్నా నేను" అంది. అవి తింటున్నంతసేపూ చూస్తూ కూర్చుని, చివరికి నావైపు తిరగకుండానే అడిగింది: "సర్వపిండి గూడనా?" గిన్నెలు నేను తోమి ఇస్తానని చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు, పంపు దగ్గర తనే తోముకుని వెళ్లిపోయింది.

వారం తిరిగాక సిగ్గు చంపుకుని వాళ్లింటికి వెళ్లాను. ఒక్కదాన్నే, మిగతావాళ్లకి ఇంకా వీలు చిక్కలేదు. వదిన తలుపు సగం తీసి, గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడే మాట్లాడింది. కుక్కల సంగతి ఆయనతో చెప్పేశానంది. "ఇగ నాకోసం అబద్ధాలు ఆడకు, నీకు పుణ్యముంటది అని చెప్పిన. మస్తు ఏడ్చిండు. ఏడ్చినంక ఇంత అన్నం తిన్నడు." మర్నాడే పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందట. ఆ డాక్టరు మచ్చల గురించి తర్వాత అడిగి, ముందు నిద్ర గురించి అడిగిందట, చచ్చిపోవాలని ఎన్నాళ్ల నుంచి అనిపిస్తోందని నెమ్మదిగా అడిగిందట. చర్మానికీ మనసుకీ మందులు కలిపే వాడాలందట. ఇదంతా చెప్పి, "పని మీద వొయ్యేటోళ్లు, ఆలస్యమైతదేమో మేడమ్" అంది. వదినె పోయి మేడమ్ వచ్చింది. నేను మెట్లు దిగాను.

అన్న రెండున్నర నెలలకి మళ్లీ డ్యూటీలో చేరాడు. చిక్కిపోయాడు, మచ్చలు అలాగే ఉన్నాయి. కాని పొట్టి చేతుల చొక్కా వేసుకొచ్చాడు. పెయింటు బ్రష్షు సొరుగులోంచి తీసి చెత్తబుట్టలో పడేశాడు. ఒంటిగంటకి వదిన వచ్చింది, ఈసారి రెండు గిన్నెల క్యారియర్‌తో. మా కిటికీకి ఎదురుగా ఉన్న రాతి మెట్ల మీద ఇద్దరూ కూర్చుని, ఒక్క కంచంలో కలుపుకుని తిన్నారు. అది మొదలు రోజూ అంతే. నాలుగోరోజు పెద్దమేడమ్ మా బల్లని కిటికీ దగ్గర్నించి లోపలికి జరిపించింది. వాళ్లని చూస్తే అన్నం సహించడం లేదంది. మొదటిసారి ఆవిడ నిజం చెప్పింది, కాకపోతే కారణం ఆవిడ అనుకున్నది కాదు.

నేను ఆ మెట్ల పక్కనుంచి కావాలనే వెళ్లేదాన్ని. అన్న ఎప్పట్లాగే 'ఏం చెల్లె' అనేవాడు, ఆయనకి కక్ష తెలీదు. వదిన తలెత్తి చూసి, "తిన్నరా మేడమ్?" అని అడిగేది. ఎంతో మర్యాదగా అడిగేది. వాళ్లవైపు మనుషులు గడపలో ఎవరు కనబడినా తిన్నవా అని అడుగుతారు. అడిగి ఊరుకోరు, ఇంత తిను రా అని చెయ్యి పట్టి కూర్చోబెడతారు. ఆ రా అన్న మాట కోసం నేను ఏడాది పాటు ఆ మెట్ల పక్కనుంచి నడిచాను. ఒక్కసారి కూడా అనలేదు. తర్వాత ఆయనకి బదిలీ అయింది, మౌలాలి వైపు ఇల్లు మారారని, ఆరోగ్యంగానే ఉన్నాడని, మచ్చలు వస్తూ పోతూ ఉంటాయని ఎవరో చెప్పారు.

క్లినిక్‌లో నా వంతు వచ్చింది. డాక్టరమ్మ మోచేతులు చూసి, అన్నకున్న జబ్బు పేరే చెప్పింది. కాగితం చూసి, స్నేహితుల ప్రశ్న ఖాళీగా వదిలేశారేమని అడిగింది. అది రేపు నింపి ఇస్తానన్నాను. నవ్వి ఊరుకుంది. ఇంటికి వచ్చి వాట్సాప్ గ్రూపులో రాశాను: 'భోజనాలకి వస్తున్నాను. సర్వపిండి తెస్తాను. నాకు సోరియాసిస్ వచ్చింది, అంటుకోదు.' గంటలో అందరూ చదివారు, గీతలు నీలంగా మారాయి. అరగంటకోసారి సుప్రభాతం బొమ్మలూ, దేవుడి పటాలూ పెట్టే ఆ గ్రూపు సాయంత్రం దాకా నోరెత్తలేదు. చివరికి పెద్దమేడమ్ ఒక్కతే రెండు జోడించిన చేతుల బొమ్మ పెట్టి 'టేక్ కేర్' అని రాసింది. మర్నాడు స్నేహితుల ప్రశ్నకి ఎదురుగా 'చాలా ఎక్కువ' అన్నచోట టిక్కు పెట్టాను. అది నా జవాబు కాదు, అన్నది. రాయాల్సినరోజున ఆయన చేతికి ఎవరూ కాగితం ఇవ్వలేదు, అందుకని పన్నెండేళ్లకి నేను రాశాను. ఇంట్లో గోడ గడియారం ఇప్పటికీ రోజూ ఒంటిగంట కొడుతుంది, 'తిన్నరా మేడమ్' అని అడుగుతుంది, తిన్నానని చెప్పడానికి నాకు ఇవాళ్టికీ ధైర్యం చాలదు.